ముగ్గుపిండి నుండి కంప్యూటరు కుంచె

పిల్లలు కంప్యూటరుపై బొమ్మలు వేయుచుండగా చూచి, వీరు చేతిపని మరచిపోవుచున్నారని చింతించు తల్లిదండ్రులు మనలో అనేకులు గలరు. ఆ చింత నిర్హేతుకము కాదు. పరికరముతోపాటు వచ్చిన కుంచెలనే అందరును వాడుటచే, చెన్నపురి బాలుని గీతయు బరంపురపు బాలిక గీతయు ఒకే అచ్చున పోసినట్లుండును. కాని తాను చేతితో వేసిన గుర్తునే కుంచెగా మార్చుకొను మార్గ మొకటి కలదు. దానిని మీరు ఇంటివద్దనే పిల్లలచే చేయింపవచ్చును.

కంప్యూటరు కుంచెకు వెండ్రుకలు లేవు. అది రబ్బరు ముద్ర వంటిది. గీత లాగినప్పుడు ఒకే ముద్రను దగ్గర దగ్గరగా వందలమారులు అద్దుచు పోవును. అవి ఒకదానిపై నొకటి పడుటచే కంటికి గీతగా తోచును. ముద్రలో నల్లనిచోట రంగు పూర్తిగా పడును, తెల్లనిచోట ఏమియు పడదు, బూడిదవర్ణపు చోట పలుచగా పడును. తక్కిన పనియంతయు ఈ సూత్రము ననుసరించియే నడచును.

ముద్రకు మూలముగా వాకిటి ముగ్గుకంటె మంచిది నాకు కనబడలేదు. తమిళులు కోలమనియు, కన్నడిగులు రంగవల్లి యనియు, మరాఠీలు రాంగోళీ యనియు దానిని పిలుచుదురు. ఒడిశాలో బియ్యపుపిండిని నీటితో కలిపి ఝోటి వేయుదురు. వ్రేళ్లనడుమ నుండి జారిన పొడిపిండి నడుమ దట్టమై, అంచులయందు చెదరియుండును. ఆ చెదరుటయే దాని యందము.

నల్లని పలకపై చిటికెడు పిండిని చుక్కగా విడువవలెను. బిడ్డచేతనే విడిపింపుడు, పెద్దల నేర్పు ఇచ్చట అక్కరలేదు. ఇట్టి చుక్కలు పది వేయించి, నీడ పడని కిటికీ వెలుతురులో, పైనుండి తిన్నగా ఫోనుతో ఫోటో తీయవలెను. పిండి తెల్లనిది గనుక, రంగును తీసివేసి నలుపు తెలుపులను తారుమారు చేయవలెను. కాగితముపై సిరాతో వేసిన గుర్తులకు ఈ తారుమారు అవసరము లేదు. వానిని స్కానరుపై అంగుళమునకు 600 చుక్కల వంతున తీసిన చాలును.

తరువాతి మెట్టుననే పలువురు తడబడుదురు. తారుమారైన పలక తెల్లగా కనబడినను నిజమునకు లేత బూడిదవర్ణము. దానిని ‘లెవెల్స్’ అను అమరికలో శుద్ధమైన తెలుపు చేయనిచో, ప్రతి ముద్రచుట్టును చదరపు మురికి మరక పడును. గుర్తు చిత్రపు అంచును తాకరాదు. నాలుగువైపుల తెల్లని ఖాళీ యుండవలెను. ప్రక్కకు 500 పిక్సెళ్ల చదరము బాలల పనికి చాలును.

పరికరముల మాట. ఫోటోషాప్ 2013లో చందాపద్ధతికి మారినది. మన యిండ్లకు అది భారమే. ‘క్రితా’, ‘గింప్’ అను రెండును ఉచితములు. స్వీడిష్ భాషలో క్రితా యనగా సుద్దముక్క! గింప్‌లో గుర్తును ఎంచి కాపీ చేసినంతనే అది కుంచెల పట్టికలో చేరును. క్రితాలో పీఎన్‌జీ చిత్రముగా భద్రపరచి కుంచెకొనగా చేర్చుకొనవలెను.

ముద్రకును ముద్రకును గల ఎడము ముద్ర వెడల్పులో పదవవంతున్నచో గీత తెగక సాగును. వెడల్పును మించినచో చుక్కలవరుస యగును. ఒకే చుక్క పదేపదే పడిన కన్ను పసిగట్టును. అందుకే పది చుక్కలు వేయింపుమంటిని: ముద్రలు మారుచు, కోణము తిరుగుచు పడునట్లు అమర్పవచ్చును.

అక్షరముల విషయమున మాత్రము కోణము తిరుగరాదు. వాలుగా చెక్కిన వెదురుకలమును ఒకే వాలున పట్టుటవలననే తలకట్టు ఒకచోట లావై, మరియొకచోట సన్నమగును. అట్టి కలపు ముద్రను కుంచెగా చేసి, స్థిరమైన కోణముతో మన బాలలు ఈ సంచికకు శీర్షికలు వ్రాయగలరు. వీధిలో తెలుగు పలక అరుదుగా కనబడు ఊళ్లలో పెరుగు పిల్లలకు, తలకట్టు వంపు ఎచ్చట మొదలగునో చేతికి తెలియుట చిన్న సంగతి కాదు.

కాగితపు గరుకుదనము వంటి నేపథ్యములకు గోనెపట్టాపైనను, ఎండిన తాటాకుపైనను పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దిన చక్కని జాడ వచ్చును. ఇంట తాతలనాటి తాళపత్రము లున్నచో వానిపై రుద్దనీయకుడు. ఒత్తిడికి అవి విరుగును. చెట్టునుండి రాలిన ఆకు చాలును.