"ఫోకస్": ఈలలు తిన్న ఒక ఆల్బమ్ కథ

రాక్ సంగీతం పేరెత్తగానే "అదీ ఒక సంగీతమేనా?" అని పెదవి విరిచేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇక డెత్ మెటల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. గొంతు చించుకునే బొంగురు అరుపులు, శ్రుతి దించి మోగించే గిటార్లు, రెండు పాదాలతో ఊపిరి తిరగనివ్వకుండా వాయించే డ్రమ్ములు దాని ముఖ్య లక్షణాలు. 1980లలో ఈ సంగీతం రూపు దిద్దుకున్న చోట్లలో అమెరికాలోని ఫ్లోరిడా ముఖ్యమైనది. అయితే ఏ కళలోనైనా గీసిన గీత దాటేవాళ్లు కొందరుంటారు. అలా దాటిన ఆల్బమ్ "ఫోకస్".

తయారీ

1987లో మయామీ నగరంలో "సినిక్" బృందం ఏర్పడింది. అందులోని పాల్ మాస్విడల్ (గిటారు, గానం), షాన్ రైనర్ట్ (డ్రమ్స్) 1991లో "డెత్" బృందం తెచ్చిన "హ్యూమన్" ఆల్బమ్‌లో వాయించి పేరు తెచ్చుకున్నారు. ఇక సొంత ఆల్బమ్ చేద్దామనుకునేసరికి, 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాను అతలాకుతలం చేసింది. రెండో గిటారిస్టు జేసన్ గోబెల్ ఇల్లు ధ్వంసమైంది. రికార్డింగ్ వాయిదా పడింది.

దీనికి తోడు ఇంకో చిక్కు. ఇలాగే అరుస్తూ పోతే గొంతు పూర్తిగా పోతుందని మాస్విడల్‌కు డాక్టరు హెచ్చరిక! అరుపుల పని టోనీ టీగార్డెన్‌కు అప్పగించి, తాను వోకోడర్ అనే పరికరం ద్వారా పాడాడు. అది మనిషి గొంతును యంత్రస్వరంలా మారుస్తుంది. షాన్ మలోన్ మెట్లు లేని బేస్ గిటారుతో పాటు, తీగల మీద రెండు చేతుల వేళ్లతో తట్టి పలికించే చాప్‌మన్ స్టిక్ కూడా వాయించాడు. టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో స్కాట్ బర్న్స్ ఆధ్వర్యంలో రికార్డింగ్ ముగిసి, 1993 సెప్టెంబరులో రోడ్‌రన్నర్ సంస్థ ద్వారా ఆల్బమ్ వెలువడింది.

ఏమిటి ఇందులో విశేషం?

మొత్తం ఎనిమిది ముక్కలు, సుమారు ముప్పై ఆరు నిమిషాలు. ఒకే పాటలో లెక్క మారుతూ ఉంటుంది. తిశ్రం, ఖండం తెలిసిన మన మృదంగ విద్యార్థులకు ఇది వింత కాదు. దాడిలా సాగే గిటారు ఉన్నట్టుండి జాజ్ బాణీలో మెత్తబడుతుంది. "టెక్స్చర్స్"లో అసలు గానమే లేదు. మొదటి పాట పేరు "వీల్ ఆఫ్ మాయా". ఆ "మాయ" మన వేదాంతం మాటే!

ఆదరణ

1994లో ఈ బృందం కానిబల్ కార్ప్స్‌తో కలిసి అమెరికాలో పర్యటించింది. ఉధృతమైన అరుపుల కోసం వచ్చిన జనానికి ఈ యంత్రస్వరం రుచించలేదు. ఎదురైంది ఈసడింపే. ఆ ఏడే బృందం విడిపోయింది.

కానీ ఆల్బమ్ చావలేదు. చేతులు మారుతూ, కొత్తగా వాయించడం నేర్చుకునేవాళ్లకు పాఠమైంది. 2004లో మళ్లీ విడుదలైంది. చికాగోలో ఒక బృందం ఆ మొదటి పాట పేరునే తన పేరుగా పెట్టుకుంది. సినిక్ మళ్లీ కలిసి, 2008లో రెండో ఆల్బమ్ "ట్రేస్డ్ ఇన్ ఎయిర్" తెచ్చింది. అంటే పదిహేనేళ్ల ఎడం! విచారమేమంటే, రైనర్ట్, మలోన్ ఇద్దరూ 2020లోనే కన్నుమూశారు.

మిత్రులారా! ఈ సంగీతం మీ అందరికీ నచ్చాలని నేననను. నాకూ మూడోసారి వింటేగానీ తలకెక్కలేదు. అయితే మన వార్షికోత్సవంలో ఎవరైనా అలవాటు లేని బాణీ ఎత్తుకుంటే, ఈల వేసి దింపెయ్యకుండా పాట పూర్తయ్యేదాకా విందాం. కనీసం ఆ మాత్రం ఓపిక పడదాం.