మోటార్ మూవర్ ఉన్న కారవాన్‌కి ఏ జాకీ వీల్ తీసుకోవాలి? ఇసుక నేల మీద లోడు, టైరు, క్లాంపు లెక్కలు

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, కెమెరా అన్నీ గంటలు గంటలు చూస్తాం, చార్జర్ మాత్రం ఏది దొరికితే అది తగిలిస్తాం. కారవాన్‌లో జాకీ వీల్ పరిస్థితి కూడా అంతే. మా బావ వేటపాలెంలో రెండు చక్రాల ట్రైలర్ కారవాన్ ఒకటి చేయించుకున్నాడు. మంచి మోటార్ మూవర్ పెట్టించాడు. ముందు చక్రం మాత్రం షెడ్డులో ఏది ఉంటే అది బిగించి ఇచ్చారు. దాన్ని మార్చే పని నా మీద పడింది. అప్పుడు చూసిన లెక్కలే ఈ ఆర్టికల్.

ముందు ఒక క్లారిటీ. మన దగ్గర టూరిజం వాళ్ళు కారవాన్ అని తిప్పేవి ఎక్కువగా ఇంజిన్ ఉన్న వ్యాన్లు, బస్సులు. వాటికి జాకీ వీల్‌తో పని లేదు. నేను చెప్పేది కారు వెనక తగిలించి లాగే బండి గురించి. కారు విప్పేశాక దాని ముక్కు నేలకి పడకుండా మోసే చిన్న చక్రమే జాకీ వీల్.

మూవర్ ఉంటే తేడా ఏంటి?

మూవర్ అంటే రెండు చక్రాల దగ్గరా చెరో మోటార్. రోలర్ టైరుకి నొక్కుకుని దాన్ని తిప్పుతుంది. కరెంటు 12 వోల్టుల బ్యాటరీ నుంచి. రిమోట్‌తో ఒక మోటార్ తిప్పి రెండోది ఆపితే బండి మలుపు తిరుగుతుంది. మగ్గాల ఇళ్ళ సందుల్లో కారుతో రివర్స్ చేసే బాధ ఉండదు కాబట్టి మా బావకి ఇది నిజంగా అవసరం.

కానీ ఇందులో స్టీరింగ్ అంటూ లేదు. బండి తిరిగినప్పుడల్లా ముక్కు పక్కకి జరుగుతుంది, ఆ పక్కతోపంతా జాకీ వీల్ మీద పడుతుంది. చేత్తో నెట్టేటప్పుడు చక్రం అడ్డం పడితే మనకి తెలుస్తుంది, ఆగిపోతాం. మోటార్‌కి అది తెలియదు, తోస్తూనే ఉంటుంది. రామాపురం బీచ్ దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. షెడ్డు వాళ్ళు పెట్టిన చక్రం ఇసుకలో అడ్డం తిరిగి కూరుకుంది, ట్యూబు వంగింది, ముక్కు ఒక్కసారిగా కిందకి వచ్చింది. బావ కాలు వెనక్కి లాగేసుకున్నాడు కాబట్టి సరిపోయింది.

లోడు

ఎడ్లబండికి మిర్చి టిక్కీలు ఎత్తేటప్పుడు చూసే ఉంటారు. బరువు ముందుకి ఎక్కువైతే ఎడ్ల మెడ మీద పడుతుంది, వెనక్కి పోతే కాడి పైకి లేస్తుంది. ట్రైలర్‌కీ అదే లెక్క. మొత్తం బరువులో సుమారు 5 నుంచి 7 శాతం ముక్కు మీద ఉండేలా సర్దుతారు. 1,200 కిలోల బండికి 60 నుంచి 84 కిలోలన్నమాట. అయితే జాకీ వీల్ కారుకి తగిలించే కొక్కెం కంటే కాస్త వెనక ఉంటుంది కాబట్టి దాని మీద పడే బరువు ఇంకొంచెం ఎక్కువ.

దీనికి ఫార్ములా అక్కర్లేదు. చదునైన గచ్చు మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టి, ఇంట్లో ఒళ్ళు బరువు చూసుకునే డిజిటల్ స్కేల్‌ని చెక్క ముక్కతో సహా జాకీ వీల్ కింద పెట్టండి. స్కేల్ ఎత్తుకి తగ్గట్టు హ్యాండిల్ తిప్పి బండిని లెవెల్ చేయండి. గ్యాస్ సిలిండర్, నీళ్ళు, సామాను అన్నీ లోపల ఉండాలి. మాకు 88 కిలోలు వచ్చింది.

అయితే 100 కిలోల చక్రం చాలా? చాలదు. గుంతలో దిగినప్పుడు, వాలు మీద ఆపినప్పుడు లోడు ఎగిరి పడుతుంది. గచ్చు మీదే తిరిగే బండికి కనీసం 150, ఇసుకలోకి దిగేదానికి 200 పైన రేటింగ్ ఉన్నది చూడండి. స్టాటిక్, డైనమిక్ అని రెండు అంకెలు ఉంటే డైనమిక్‌నే నమ్మండి. పెద్ద అంకె స్టాటిక్‌ది, అది కదలకుండా నిలబడినప్పటి సంగతి.

టైరు

200×50 మిల్లీమీటర్ల గట్టి రబ్బరు చక్రం సిమెంటు రోడ్డు మీద బంగారం. ఇసుకలో అది కత్తిలా దిగుతుంది. 260×85 గాలి టైరు అదే బరువుని ఎక్కువ నేల మీద పరుస్తుంది, కాబట్టి అంతగా కూరుకోదు. చిక్కల్లా సర్కారు తుమ్మ ముళ్ళతోనే. చిన్న టైరులో గాలి దిగితే రిమ్ము మీదే నడిచినట్టు. దొరికితే అదే వెడల్పులో పంక్చర్ కాని ఫోమ్ టైరు తీసుకోండి. మేము అదే తీసుకున్నాం.

ట్యూబు, క్లాంపు

48 మిల్లీమీటర్ల ట్యూబు ఎక్కువగా వాడతారు. 35, 42, 60 కూడా ఉన్నాయి. కంటితో చూస్తే 42కీ 48కీ తేడా తెలియదు, వెర్నియర్‌తో కొలిచాకే ఆర్డర్ పెట్టండి. ట్యూబు లావుది తీసుకుంటే క్లాంపు కూడా మార్చాలి. మూవర్ వాడేవాళ్ళకి గాడులున్న ట్యూబు, దానికి సరిపడే క్లాంపు మంచిది, ఉత్త నున్నటి ట్యూబు వణుకుడికి మెల్లగా జారుతుంది. సముద్రపు గాలి తగిలే చోట ఉత్త పెయింట్ ఆగదు, జింకు పూత ఉన్నదే తీసుకోండి.

వాడేటప్పుడు బయటి ట్యూబుని క్లాంపులో వీలైనంత కిందకి దించి, లోపలి రాడ్డుని తక్కువగా బయటికి తీయండి. రాడ్డు ఎంత పొడుగ్గా బయటికి వస్తే అంత తేలిగ్గా వంగుతుంది. ముందుకి వెళ్తున్న బండిని వెనక్కి తిప్పితే చక్రం గిర్రున 180 డిగ్రీలు తిరుగుతుంది, ఇసుకలో కూరుకునేది ఆ క్షణంలోనే. అక్కడ ప్లైవుడ్ పలక వేసి, ఒకే చోట గింగిరాలు కొట్టించకుండా కాస్త నిటారుగా కదిలించి ఆ తర్వాత మలపండి. మోటార్ ఆన్‌లో ఉన్నంతసేపూ ముక్కు దగ్గర ఎవరి చెయ్యీ కాలూ ఉండకూడదు, పిల్లలు అసలే వద్దు. మొదటి రెండు మూడు ట్రిప్పుల తర్వాత క్లాంపు బోల్టులు ఒకసారి బిగించి, రాడ్డుకి గ్రీజు రాయండి.