మోకాలి నొప్పి: ముప్పు ఎవరికి, ఎందుకు?

ఢిల్లీని ఆనుకుని ఉన్న ఇందిరాపురం అపార్ట్‌మెంట్లలో ఉండే పెద్దలైనా, తెలంగాణ పొలాల్లో నాట్లు వేసే మహిళలైనా, మెట్లెక్కేటప్పుడు మోకాలు నొప్పి పుడితే అనే మాట ఒక్కటే: 'కీళ్లు అరిగిపోయాయి'. వైద్యులు దీన్ని ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. అయితే ఇది కేవలం అరుగుదల కాదు, కీలు మొత్తానికీ వచ్చే వ్యాధి.

ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నని పొర మృదులాస్థి. దీనికి రక్తనాళాలు ఉండవు. పోషకాలు కీలులోని జిగట ద్రవం నుంచే ప్రధానంగా అందుతాయి. అందుకే ఒకసారి దెబ్బతింటే ఇది సులభంగా కోలుకోదు. పొర పలచబడేకొద్దీ కింది ఎముక గట్టిపడుతుంది, అంచుల్లో ఎముక మొలకలు వస్తాయి, కీలు లోపలి పొర వాస్తుంది. మృదులాస్థిలో నాడులు కూడా ఉండవు. నొప్పి పుట్టేది చుట్టూ ఉన్న భాగాల నుంచే. కాబట్టి ఎక్స్‌రేలో కనిపించే మార్పులకూ నొప్పి తీవ్రతకూ అన్నిసార్లూ పొంతన కుదరకపోవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో సుమారు 52.8 కోట్ల మందికి ఈ వ్యాధి ఉంది. వారిలో దాదాపు 60 శాతం మంది మహిళలు, 73 శాతం మంది 55 ఏళ్లు దాటినవారు. వయసు, నెలసరి ఆగిపోవడం, వంశపారంపర్యం మన చేతిలో లేనివి. అధిక బరువు, కీలుకు తగిలిన పాత గాయాలు, ఏళ్ల తరబడి గొంతుక్కూర్చుని లేదా మోకాళ్లపై చేసే పని కూడా ముప్పును పెంచుతాయి.

వీటిలో ఎక్కువగా మార్చుకోగలిగింది బరువు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1992లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, పదేళ్లలో సుమారు 5 కిలోల బరువు తగ్గిన మహిళల్లో మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ ముప్పు సగానికి పైగా తగ్గింది.

నొప్పి వచ్చిందని నడక మానేయడం చాలామంది చేసే పొరపాటు. కదలిక లేకపోతే తొడ కండరాలు బలహీనపడి మోకాలికి ఆసరా తగ్గుతుంది. బరువూ పెరుగుతుంది. నొప్పిని బట్టి మోతాదు చూసుకుంటూ నడక, తొడ కండరాల వ్యాయామాలు కొనసాగించడమే చికిత్సకు పునాది. మందుల దుకాణంలో సొంతంగా కొని నెలల తరబడి వాడే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లకూ, మూత్రపిండాల నష్టానికీ దారితీయవచ్చు. కీలు మార్పిడి శస్త్రచికిత్స మిగతా మార్గాలు ఫలించనప్పుడే.

ప్రతి కీళ్ల నొప్పీ ఇదే కాదు. ఉదయం బిగుతు అరగంటలోపు సడలితే ఆస్టియో ఆర్థరైటిస్ కావచ్చు. గంటకు పైగా ఉంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను అనుమానించాలి. నల్లగొండ వంటి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ వల్లా కీళ్లు బిగుసుకుపోతాయి. కీలు ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం తోడైనా వెంటనే వైద్యుణ్ని సంప్రదించాలి.