పోటీ పరీక్షల ప్రత్యేకం: 1977 లోక్‌సభ ఎన్నికలు

ఎమర్జెన్సీ నీడలో 1977 మార్చిలో జరిగిన ఆరో లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ తొలిసారి కేంద్రంలో అధికారం కోల్పోయింది. ఓటు విలువను చాటిన ఈ తీర్పు ప్రతి అభ్యర్థీ తెలుసుకోదగ్గది.

• మొత్తం స్థానాలు 542. కాంగ్రెస్‌కు దక్కినవి 154.
• రాయ్‌బరేలీలో ప్రధాని ఇందిరా గాంధీపై రాజ్‌నారాయణ్ గెలిచారు.
• ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు.
• ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కు 41 గెలిచింది. మిగిలిన నంద్యాలలో జనతా అభ్యర్థి నీలం సంజీవరెడ్డి విజయం సాధించారు. అదే ఏడాది రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.
• మార్చి 24న మొరార్జీ దేశాయ్ తొలి కాంగ్రెసేతర ప్రధాని అయ్యారు.

గుర్తుంచుకోండి: 1978లో చేసిన 44వ రాజ్యాంగ సవరణ ఎమర్జెన్సీ విధింపునకు సంబంధించిన 352వ అధికరణలోని ‘అంతర్గత కల్లోలం’ స్థానంలో ‘సాయుధ తిరుగుబాటు’ను చేర్చింది.