చింత – చింతనము

చింత, చింతనము – ఈ రెండును ఒకే ధాతువునుండి పుట్టిన పదములు. మనస్సు ఒక విషయమును పట్టుకొని ముందునకు సాగినచో అది చింతనము. గానుగెద్దువలె తిరిగిన చోటనే తిరిగినచో అది చింత.

గృహస్థునకు చింత తప్పదు. మా జహనుమా వంటి పాతనగరపు వాడలలో పగలెల్ల పనులతో గడచిపోవును. రాత్రి దీపమార్పగనే అమ్మాయి పెండ్లి, పిల్లవాని బడి ఫీజు, ఇంటి అద్దె, తల్లి మందులు – అన్నియు ఒక్కమారుగా పడక చుట్టును చేరును. తెల్లవారుసరికి నిద్రయు ఉండదు, నిర్ణయమును ఉండదు. జపమునకు కూర్చున్నను పెదవులు నామమును పలుకుచుండ, మనస్సు లెక్కలు వేయుచుండును.

దీనికి ఈ నగర చరిత్రయే ఒక పాఠము. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచివేసెను. వేలాది జనులు మృతిచెందిరి. నిజాము ప్రభుత్వము పిలువగా 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చిరి. ఎంత వాన కురిసినది, ఎగువన చెరువులెట్లు తెగినవి అని విచారించి, నగరమునకు పైన జలాశయములు కట్టవలెనని వ్రాసి యిచ్చిరి. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియైనవి. వాననాపుట మానవుని వశము కాదు. ఆనకట్ట కట్టుట వశము. భయము ఆ విధముగా పనియైనది.

గృహస్థుడును ఇట్లే చేయవచ్చును. పడుకొనుటకు ముందు ఒక పుస్తకమున, తన్ను బాధించు విషయమును ఒక్క వాక్యములో వ్రాయవలయును. దాని క్రింద రెండు భాగములు చేయవలయును: నేను చేయదగినది, నా చేతిలో లేనిది. మొదటి భాగమున పనిని, దినమును స్పష్టముగా వ్రాయవలయును. "ఫీజు ఎట్లు?" అని కాదు, "సోమవారము ఉదయము బడికి పోయి గడువు అడుగవలెను" అని.

2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయమువారు 57 మంది యువజనులను పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. శయనమునకు ముందు 5 నిమిషములు రాబోవు పనులను వ్రాసినవారు, ముగిసిన పనులను వ్రాసినవారికంటె సుమారు 9 నిమిషములు ముందుగా నిద్రించిరి. ఎంత వివరముగా వ్రాసిన అంత త్వరగా నిద్ర పట్టెనట.

అయితే ఒక జాగ్రత్త. ఒకే దుఃఖమును పుటలకు పుటలు వ్రాయుట గానుగను కాగితముపైకి తెచ్చుటయే యగును. పని తేలగనే పుస్తకము మూయవలయును. వారములు గడచినను నిద్రాహారములు సరిపడకున్నచో వైద్యుని చూడవలయును. అదియు మొదటి భాగమున వ్రాయదగిన పనియే.

ఇక రెండవ భాగము. మన సంప్రదాయమున భరన్యాసమను మాట కలదు. భారమును స్వామి పాదములయందుంచుట యని అర్థము. శ్రీ వేదాంతదేశికులు న్యాసదశకమున దీనిని ప్రతిపాదించిరి. అది ఆత్మరక్షణ భారమును గూర్చినదైనను, దాని వెలుగు నిత్యజీవనమునకును మార్గము చూపును. మూటలో ఏమున్నదో యెరుగనివాడు దానిని దింపలేడు. అందువలననే మనము తరచుగా, చేయవలసిన దానిని స్వామిపై వైచి, స్వామి చూచుకొనవలసిన దానిని తలపై మోయుచుందుము. వ్రాసి చూచినచో ఈ తారుమారు తొలగును.

మొదటి భాగము రేపటి పని. రెండవ భాగమును సన్నిధిలో విన్నవించి నిద్రింపుడు.