సెలవిస్తే సరిపోతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమ నడుపుతున్నాను. పోలింగ్ రోజు సెలవిచ్చినా చాలామంది కార్మికులు ఓటు వేయడం లేదు. యజమానిగా ఇంకేం చేయగలను?

జవాబు: 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం ఓటరైన ప్రతి ఉద్యోగికీ, దినకూలీకి సైతం, పోలింగ్ రోజున వేతనంతో కూడిన సెలవు ఇచ్చి తీరాలి. అయినా 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో పోలింగ్ 50 శాతానికి చేరలేదు. సెలవొక్కటే చాలదని దీన్నిబట్టే తెలుస్తోంది. ఇల్లు మారినవారి పేరు పాత చిరునామాలోనే ఉండిపోతుంది. వలస వచ్చినవారి ఓటు సొంతూళ్లో ఉంటుంది. కాబట్టి ఎన్నికల ప్రకటనకు ముందే అందరూ ఓటర్ల జాబితాలో పేరు చూసుకునేలా, కొత్తవారు ఫారం 6, చిరునామా మారినవారు ఫారం 8 నింపేలా సాయపడండి. దూరం వెళ్లేవారికి ప్రయాణానికి మరో రోజు వెసులుబాటు ఇవ్వండి.

పని ఆగితే నష్టం కదా అనవచ్చు. పోలింగ్ తేదీ వారాల ముందే తెలుస్తుంది కనుక షిఫ్టులు సర్దుకోవచ్చు. ప్రమాదం లేదా భారీ నష్టం వాటిల్లే పనులకు చట్టమే మినహాయింపునిచ్చింది. యజమాని చొరవ ఒత్తిడిగా మారుతుందన్న అనుమానంలో మాత్రం న్యాయముంది. అందుకే వేలి మీద సిరా చూపమని అడగకండి, బోనస్‌తో ముడిపెట్టకండి, ఏ పార్టీ పేరూ ఎత్తకండి. వెళ్లే వీలు కల్పించండి. ఓటు సంగతి వారికే వదిలేయండి.