అవిసె ఆకు మీద మచ్చలు

మాది కడప జిల్లా. రెండెకరాల తమలపాకు తోట. తీగ పాకడానికి అవిసె చెట్లు పెంచుతాం. ఒక ఏడాది వాటి ఆకుల మీద లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు కలగలిసి వచ్చాయి. "పురుగు లేదు, బూజు లేదు. మరి ఎట్టొచ్చిందిరా?" అని నాయన అడిగాడు. బి.యస్సీ. చదువుతున్న నేను నోరు మెదపలేకపోయాను.

తర్వాత లైబ్రరీలో వెదికితే, అవిసెకు మొజాయిక్ తెగులు తెచ్చే వైరస్ ఒకటి ఉన్నదని, దాన్ని తిరుపతి చుట్టుపక్కల రైతుల పొలాల్లోనే గుర్తించారని తెలిసింది. మా చెట్లకు వచ్చింది అదేనని పరీక్ష చేయకుండా చెప్పలేను. కాని దాని కథ మిత్రులకు చెప్పాలనిపించింది.

ఈ వైరస్ అడ్డుకొలత సుమారు 30 నానోమీటర్లు. మిల్లీమీటరు పొడవున 30 వేలకు పైగా పేర్చవచ్చు. మామూలు సూక్ష్మదర్శినికి అందదు. అందుకని రోగపు ఆకుల రసం నుండి వైరస్‌ను శుద్ధి చేసి, పటికబెల్లంలా స్ఫటికాలు కట్టించి, వాటి గుండా ఎక్స్‌కిరణాలు పంపుతారు. కిరణాలు చెదరి చుక్కలుగా పడతాయి. ఆ చుక్కల తీవ్రతలను లెక్కగట్టి అణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో తేలుస్తారు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎం.ఆర్.ఎన్. మూర్తి, హెచ్.ఎస్. సావిత్రి గార్ల బృందాలు ఈ పని చేశాయి. 1995లో 3 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో దీని నిర్మాణం వెలువడింది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు!

ఏం కనబడింది? ఇరవై ముఖాల పెంకు. ఒకే అచ్చులో తీసిన ఇటుకల్లా 180 ప్రోటీన్ ముక్కలు. అన్నీ ఒకటే ఎందుకు? లెక్క వేద్దాం. ఒక్కో ముక్క తయారీకి ఆర్.ఎన్.ఏ.లో సుమారు 800 అక్షరాలు కావాలి. 180 ముక్కలూ వేరు వేరయితే లక్షా నలభై నాలుగు వేలు. వైరస్ దగ్గర ఉన్నది సుమారు 4,100 మాత్రమే! బీదవాడి పొదుపన్నమాట. ఆ ముక్కల సందుల్లో కాల్షియం ఉండి పెంకును గట్టిపరుస్తుంది. మనం తమలపాకుకు రాసే సున్నంలోదీ అదే కాల్షియం.

ఈ విద్య ఒక్క రోజున రాదు. మూర్తిగారు బెంగుళూరులో డాక్టరేట్ చేసి, అమెరికాలోని పర్‌డ్యూలో మైకేల్ రాస్‌మన్ వద్ద పోస్ట్‌డాక్టరల్ పరిశోధన చేశారు. అంటే పట్టా వచ్చాక కూడా మరొకరి ప్రయోగశాలలో కొన్నేళ్ళు పని నేర్వడం. ఆ రాస్‌మన్ బృందమే 1985లో జలుబు వైరస్ నిర్మాణాన్ని తేల్చింది.

ఇదంతా నాయనకు చెప్పాను. "మరి మందు ఉందా?" అన్నాడు. లేదన్నాను. వైరస్ సోకిన చెట్టును నయం చేసే మందు నేటికీ లేదు. రోగపు చెట్టు పీకేయడం, మంచి నారు నాటడమే దారి. ఆయన కాసేపు ఊరకుండి, "అయితే ఎవురో ఒకరు చదవాల్సిందే" అన్నాడు.

ఎం.యస్సీ., పి.హెచ్‌డి., ఆపై పోస్ట్‌డాక్టరల్: పదేళ్ళ దారి. ఇంట్లో అప్పుంది. ఫెలోషిప్ వస్తేనే సాగుతుంది. అయినా నెట్ పరీక్షకు ఇప్పటినుంచే చదువుతున్నాను. పొలం నుంచి వచ్చిన మిత్రులారా, మన చేలోని తెగులు కూడా పాఠమే. ఆకును ఒకసారి తిప్పి చూడండి.